కేలండర్‌లో ఎర్ర సున్నా

లోర్నాకి ఓటింగు తేదీ తెలుసని నా అనుమానం. ఆవిడ మా ఊరి క్లర్కు. అమెరికా అధ్యక్ష అభ్యర్థుల్ని ఎంచుకునే తొలి ఓటింగు మా న్యూ హాంప్‌షైర్‌లోనే జరగాలి. ఇంకే రాష్ట్రమైనా ముందుకు జరిగితే మేం దానికంటే వారం ముందుకు జరగాలి. అది మా చట్టం. అందుకే రాజధాని కాంకర్డ్‌లో కూర్చుని ఎన్నికలు నడిపే రాష్ట్ర కార్యదర్శి చివరిదాకా తేదీ బయటపెట్టడు. ఊళ్ల క్లర్కులకైనా చెవిలో వేయడా? నేను నమ్మను.

నా అవసరం నాది. ముప్పై ఆరేళ్లుగా ఓటింగు రోజు పొద్దున్నే ఓట్ల చెక్క పెట్టె తెరిచి, ఖాళీగా ఉందని అందరికీ చూపించి, "ఇక మొదలు" అని ప్రకటించేది నేనే. ఈసారి గుండె కవాటం మార్చాలన్నారు. డాక్టరు రెండు మంగళవారాలు ఇచ్చాడు, జనవరి పది లేదా ఇరవై నాలుగు. ఓటింగూ మంగళవారమే. మళ్లీ నాలుగేళ్లకి నాకు ఎనభై ఐదు. అప్పటిదాకా ఉంటానో లేదో, నాకిదే ఆఖరుది.

"ఒట్టు, నాకు తెలీదు ఆల్డెన్," అంది లోర్నా. "అవునూ, ఆపరేషన్ ఎప్పుడు?"

"జనవరి పదో, ఇరవై నాలుగో అన్నారు. వీలైనంత వెనక్కి లాగుతా. నీకెందుకు?"

"అడక్కూడదా? వయసు మళ్లింది గానీ నీ వంకర బుద్ధి మళ్లలేదు."

ఊరికే అడిగిందనుకోడానికి నేనేం వెర్రివాణ్ణి కాను. నేను లేకపోతే పెట్టె తెరిచేది ఆవిడ మేనల్లుడు వేడ్.

మరుసటి వారం కుక్క లైసెన్సు కోసం లోర్నా ఆఫీసుకి వెళ్లాను. గోడ మీద వచ్చే ఏడాది కేలండర్‌లో జనవరి పేజీ, ఇరవై నాలుగు చుట్టూ ఎర్ర సున్నా. నన్ను చూడగానే గబుక్కున పేజీ తిప్పేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. ఇంటికెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేసి పదో తేదీ ఖాయం చేసుకున్నాను. రెండు వారాల్లో కర్ర పట్టుకునైనా నిలబడతాను కదా!

నవంబరులో దక్షిణాది రాష్ట్రం ఒకటి ముందుకు జరిగింది. వెంటనే కాంకర్డ్ ప్రకటించింది, మా ఓటింగు జనవరి పదిన. ఆసుపత్రిలో ఇరవై నాలుగు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు.

తిన్నగా లోర్నా ఆఫీసుకెళ్లి బల్ల చరిచాను. "ఇరవై నాలుగని నమ్మించి నా గొంతు కోశావ్!"

"నేనెప్పుడు చెప్పాను?"

"మరి ఆ ఎర్ర సున్నా ఏంటి?"

లోర్నా కేలండర్ తీసి నా ముందు పెట్టింది. సున్నాలో చిన్న అక్షరాలతో రాసుంది. "ఆల్డెన్ ఆసుపత్రి. నాకు సెలవు."

"వెనక్కి లాగుతానన్నావుగా. మంచులో ఎనభై మైళ్లు ఒక్కడివే ఎలా పోతావ్? ముందే చెబితే వద్దంటావని పేజీ తిప్పేశా."

సిగ్గేసింది. అడిగాను, "పోనీ, పదో తేదీన తీసుకెళ్తావా?"

"ఓటింగు రోజు క్లర్కుకి సెలవెక్కడిదయ్యా?"

పెట్టె తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను, వేడ్ కోసం. లోర్నా దాన్ని తీసి సొరుగులో వేసింది. పొద్దున ఆరింటికి బస్సేమైనా ఉందేమో కనుక్కుంటానంది.