గడియ వేసిన గోదాము

నాకు నిప్పంటే భయం. ఇందులో దాచుకునేదేం లేదు. జహనుమా బస్తీలో మా గల్లీ చూసినవాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు. ఎదురుగా బండి వస్తే ఆటో వెనక్కి పోవలసిందే, ఇక ఫైరింజన్ సంగతి దేవుడెరుగు. ఇంటి ముందుగదిలో మా దుకాణం. లైనింగు బట్ట, లంగాల బట్ట, చీరల ఫాల్స్ అమ్ముతాం. వెనక గోదాము నిండా అవే తానులు. ఒక్క అగ్గిపుల్ల చాలు, ఇల్లంతా బుగ్గి కావడానికి. అందుకే గ్యాసు కట్టేశాక కూడా ఇంకోసారి వెళ్ళి ముట్టుకుని చూస్తాను. మా ఆయన వైకుంఠం నవ్వుతాడు. నవ్వనీ.

అలాంటి ఇంట్లో, నా కడుపున పుట్టిన రచన, నిప్పు రాజేసే సరంజామా తయారుచేయడం మొదలుపెట్టింది!

ఆఫీసుకు సెలవు దొరికితే చాలు, స్నేహితురాళ్ళతో కలిసి కొండలూ అడవులూ పట్టుకుని తిరుగుతుంది. పోయిన వానాకాలం అనంతగిరి వైపు వెళ్ళి అందరూ తడిసి ముద్దయ్యారు. కట్టెలు తడి, అగ్గిపెట్టె తడి. ఒక పిల్ల చలికి మాట పడిపోయినట్టు బిగుసుకుపోయిందట. ఆ రోజు నుంచి దీనిది ఒకటే పట్టు. ఎంత ముసురులోనైనా అంటుకునేవి సంచిలో ఉండి తీరాలట.

"బజార్ల కొనుక్కోరాదే?" అన్నాను.

"నా చేత్తోని చేసుకుంటేనే నాకు నమ్మకం మమ్మీ," అంది.

పక్కింటి యూసుఫ్ భాయ్‌ది వడ్రంగి కార్ఖానా. అక్కడినుంచి సంచెడు రంపంపొట్టు మోసుకొచ్చింది. చిన్న కాగితం చాయ్ కప్పుల్లో పొట్టు కూరి, నడుమ జనపనార తాడు ముక్క నిలబెట్టింది. మైనం ముక్కలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ళలో దించి కరిగించింది. నేరుగా మంట మీద పెడితే మైనమే అంటుకుంటుందట. కరిగిన మైనం కప్పుల్లో పోసి, పైన ఇంత కర్పూరం పొడి చల్లింది. ఆరాక కాగితం ఒలిచేస్తే, గోధుమరంగులో ముద్దుగా బిళ్ళలు తయారయ్యాయి. నేను వంటింటి గుమ్మంలో నీళ్ళ బకెట్ పట్టుకుని అంతసేపూ నిలబడే ఉన్నాను.

చేయడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు. కర్పూరం గాలి తగిలితే హరించుకుపోతుందట, మైనం వేడికి మెత్తబడుతుందట. కాబట్టి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా కావాలి, చల్లటి చోటు కావాలి. మేడ మీద రేకుల గది పెనంలా కాలుతుంది. వంటింట్లో నేను పెట్టనివ్వలేదు. చివరికి ఎక్కడ పెట్టిందనుకున్నారు? గోదాములో. పాతకాలం మందపు గోడలు కదా, చల్లగా ఉంటుందట.

"బట్టల నడుమ అగ్గి పెడ్తవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అని లొల్లి పెట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకు మమ్మీ. ఎవలన్న ముట్టిస్తేనే అంటుకుంటది. గోదాంల అగ్గిపుల్ల ఎవలు గీస్తరు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వెదికితే ఉండేదే. ఆ జవాబు పేరు రుక్మిణమ్మ, మా అత్తమ్మ.

శుక్రవారం దీపాలు పెట్టే వేళ మా అత్తమ్మ గోదాములో సాంబ్రాణి పొగ వేస్తుంది. ఇదివరకు బొగ్గుల మీద వేసేది. ఇప్పుడు బజారులో దొరికే సాంబ్రాణి కప్పులు ముట్టిస్తుంది. అవి రాజుకుని పొగ చిమ్ముతాయి తప్ప మండవు, అందుకే నాకూ ఆ భయం లేదు. ఆమె పద్ధతులు ఆమెవి. ధూపం వేసేటప్పుడు వెనకనుంచి పిలవకూడదు. ఎదురు రాకూడదు. పొగ తానుల్లోకి ఇంకేదాకా తలుపు తీయకూడదు. "పొగ బయటికి పోతే లచ్చుమమ్మ బయటికి పోయినట్టే," అంటూ లోపల గడియ పెట్టుకుంటుంది. చెవుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకటి బొత్తిగా వినబడదు, రెండోది ఆమెకు ఇష్టమైనప్పుడు వినబడుతుంది.

ఆ శుక్రవారం మా ఆయన సరుకు కోసం మదీనా బజారు వైపు వెళ్ళాడు. రచన మర్నాటి ప్రయాణానికి సంచి సర్దుకుంటోంది. డబ్బా తెచ్చుకుంటానని వెనక్కి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"నాయనమ్మ గడియ పెట్టుకుంది."

"ధూపం ఏస్తున్నట్టుంది. జర ఆగు."

అంటూనే దేవుడి గూడు సర్దుతున్నాను. మూలన సాంబ్రాణి అట్టపెట్టె కనిపించింది. తీసి చూస్తే ఖాళీ. అడుగున ఇంత పొడి తప్ప ఏమీ లేదు. మరి లోపల ఈమె ఏం ముట్టించింది?

అప్పుడే వాసన తగిలింది. ముందు కర్పూరం, దాని వెనకే కొవ్వొత్తి కాలిన వాసన.

రచన నా చెయ్యి పట్టుకుంది. "మమ్మీ... నా డబ్బా ముందర అరలనే ఉంది. చూసినా సాంబ్రాణి కప్పులనే అనుకుంటది."

ఇద్దరం పరుగెత్తాం. తలుపు కింది సందులోంచి నల్లటి పొగ వస్తోంది. పొగ వెనక పసుపుపచ్చటి వెలుతురు అటూ ఇటూ కదులుతోంది.

"నాయనమ్మా! తలుపు తియ్యి! నీళ్ళు పొయ్యకు, మైనం మీద నీళ్ళు పడితే మంట ఎగజిమ్ముతది! నాయనమ్మా!"

ధూపం వేసేటప్పుడు అత్తమ్మ పక్కన నీళ్ళ చెంబు ఉంటుంది. అది అప్పుడే నాకు గుర్తొచ్చింది. ఇద్దరం రెండు చేతులా తలుపు బాదాం. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నా అరుపులకు యూసుఫ్ భాయ్ గునపం పట్టుకుని ఉరికొచ్చాడు. "హటో భాభీ, హటో!" అంటూ తలుపు సందులో గునపం దూర్చాడు. టేకు తలుపు, కిర్రుమంది కానీ లొంగలేదు.

గోదాముకు పక్కగోడలో ఒక కిటికీ ఉంది. ఊచ ఒకటి ఊడిపోయి చాలా రోజులైంది. రచన సన్నటి పిల్ల, దూరగలదు. అది నాకు తట్టేలోపే దానికి తట్టింది. రెక్క నెట్టి, కిటికీ మీదికి ఒక కాలు వేసేసింది. లోపల్నుంచి పొగ గుప్పున దాని ముఖం మీద కొట్టింది.

నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగేశాను.

"విడువు మమ్మీ! అవి నేను చేసినయే. నేనే పోత!"

"పోవద్దు!"

"నాయనమ్మ సచ్చిపోతది!"

తెలుసు. నాకు తెలుసు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి, తిట్టుకుంటూనో మెచ్చుకుంటూనో, ఒకే పొయ్యి దగ్గర బతికాం ఆమే నేనూ. ఆమె ఆ గోడ అవతల ఉంది. ఇవతల నా బిడ్డ ఉంది. అది గోళ్ళతో రక్కింది, నా చెయ్యి కొరికింది. నేను దాని చున్నీ ముంజేతికి చుట్టుకుని మరింత బిగించాను. మనసులో ఒక్క మాటే మెదిలింది. పోతే ఆమె పోనీ, ఇది పోవద్దు. అవును, అదే అనుకున్నాను. అనుకుని నన్ను చూసి నేనే జడుసుకున్నాను.

లోపల ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడు. తర్వాత ఖంగుమని మోత. కిటికీలో వెలుతురు ఒక్కసారిగా పోయింది.

యూసుఫ్ భాయ్ చెయ్యి ఆగిపోయింది. మంట ఆరిందా, లేక పొగకు మనిషే పడిపోయిందా? రచన ఏడుపు కూడా ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో భయపడ్డంతగా నేను ఎన్నడూ భయపడలేదు.

దగ్గు వినిపించింది. గడియ జరిగింది.

పొగలోంచి అత్తమ్మ బయటికొచ్చింది. కనుబొమలు మాడాయి, ముఖమంతా మసి. కుడి అరచెయ్యి పొక్కులెక్కింది. ఆమె వెనక, నేల మీద, పెళ్ళివంటలకు వాడే పెద్ద ఇత్తడి గంజు బిళ్ళల మీద బోర్లించి ఉంది. చుట్టూ ఉన్న తానులన్నీ గోడవారకు విసిరేసి ఉన్నాయి.

"నా కోసం కొత్త సాంబ్రాణి తెచ్చి పెట్టినవనుకున్న గదనే," అంది రచనతో. "గిదేంది, దివిటీ లెక్క మండింది!"

రచన ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం తన్నుకొచ్చింది.

"గంతగనం పిలిస్తే పలుకవేంది అత్తమ్మా? పానం పోయినంత పనైంది! ఇనబడలేదా?"

"అన్నీ ఇనబడ్డయి," అంది నెమ్మదిగా. "తలుపు తీస్తే గీ పొల్ల లోపలికి ఉరుకుతది. మంట సంగతి చూసినంకనే తీద్దమనుకున్న."

యూసుఫ్ భాయ్ బకెట్‌తో చల్లటి నీళ్ళు తెచ్చి ఆమె చెయ్యి ముంచమన్నాడు. ఆమె కూర్చుని, నావైపు చూసింది. రచన చున్నీ ఇంకా నా ముంజేతికి చుట్టే ఉంది. చేతి మీద పళ్ళ గాట్లు, గోటి గీతలు. ఆమెకు అంతా అర్థమైపోయింది. నేను గబగబా చున్నీ విప్పబోయాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కాలని చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి కోడలా. లోపలున్నంతసేపు దేవునికి ఒక్కటే మొక్కిన. నువ్వు దాన్ని విడువొద్దని."