ఒకే పేరు మీద ఇద్దరు

వానలు మొదలైనా మ్రీజు ఊరి బడి తాళం తెరుచుకోలేదు; జీతాలందక మేష్టర్లు సమ్మెలో ఉన్నారు. వరండాలో మేకలు పడుకుంటున్నాయి. రాజధానిలో మేష్టర్లకు జీతాలు ముందే అందాయని, అక్కడ రోజూ గంట కొడుతున్నారని, కొండ మీది బడుల వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని అత్తరు బట్టీ దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునేవారు. జలిహాతా ఆ మాటలు వింటూ, తెల్లవారుజామున కోసిన ఇలాంగ్ అత్తరు పూలు తూకానికి పోసేది. భర్త పక్క దీవి మాయోట్‌కు పడవెక్కి వెళ్ళినవాడు మళ్ళీ కబురు పంపలేదు. ఇంట్లో కవల కూతుళ్ళు, సితీనా, రుకియా. ఆ ఏడు చివర పరీక్ష గట్టెక్కితేనే వాళ్ళకు పెద్ద బడి. లేకపోతే తనలాగే పూలబుట్ట.

ఒకరోజు కొండ దిగువ దొమోని బజారులో ఆమెకు ఊరి బడి మేష్టారు జాన్ఫర్ ఎదురయ్యాడు. చేతులకు సుద్దముక్క పొడి. దిగువనున్న ప్రైవేటు బడి నుంచి వస్తున్నాడు.

"మేష్టారూ, అక్కడ గొంతు బాగానే లేస్తోందే. మా ఊళ్ళోనే పూడుకుపోయిందా?"

ఆయన తల దించుకున్నాడు. "ఎనిమిది నెలల జీతం రావాలి చెల్లీ. మా ఆవిడ నీ పక్కనే పూలు కోస్తోంది కదా, మా ఇంట్లో పొయ్యి సంగతి నీకు తెలియందేముంది? ఫీజు కట్టి పంపు. నీ పిల్లలు చురుకైనవాళ్ళు."

ఎంత కూడబెట్టినా ఒక్కరికే సరిపోయింది. ఎవరిని పంపాలో ఆమెకు తేలలేదు. ఇద్దరూ చాప మీద పడుకుని గుసగుసలాడుకుని, పొద్దున్నే వచ్చి చెప్పారు.

"అమ్మా, ఒక్క పేరు రాయించు చాలు. రోజు విడిచి రోజు వెళ్తాం. మా ఇద్దర్నీ నువ్వే ఒక్కోసారి పోల్చుకోలేవు, వాళ్ళేం పోల్చుకుంటారు?"

జలిహాతా ఒద్దంది. తర్వాత సరేనంది. రుకియా పేరు రాయించింది.

ఒక లంగా, ఒక చొక్కా, ఒక తలగుడ్డ. వెళ్ళిన పిల్ల సాయంత్రం వచ్చి, సీమపనస కాల్చుకుంటూ రెండోదానికి పాఠం అప్పగించేది. కొన్నాళ్ళకు జాన్ఫర్ మేష్టారు సితీనా బల్ల దగ్గర ఆగి, "నిన్న చెప్పిన లెక్క మీ ఇంట్లో ఇంకొకరికి అర్థమయింది. నీకు మళ్ళీ చెప్తా, రా" అన్నాడట మెల్లగా. ఆ మాట విన్నాక జలిహాతాకు గుండె కుదుటపడింది. ఆయనకు తెలుసు, అయినా కడుపులో పెట్టుకున్నాడు.

బడి లేని రోజున పిల్లలు బట్టీ దగ్గర కట్టెలు ఎగదోసేవారు. పరీక్షలు దగ్గరపడుతున్నప్పుడు ఒక సెలవునాడు గొట్టం సందులోంచి ఆవిరి తన్ని రుకియా ముంజేయి బొబ్బలెక్కింది. మర్నాడు బడికి సితీనా వంతు. ఆ తర్వాతి రోజు రుకియా వంతు, ఫ్రెంచి డిక్టేషన్. తల్లి వద్దంటున్నా రుకియా చొక్కా చేతులు కిందికి లాక్కుని వెళ్ళింది. రాస్తుంటే బొబ్బ చితికి కాగితం తడిసింది.

బడి యజమానురాలు ఫరహాతి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడు కాలింది?"

"మొన్న."

"నిన్న నా ఎదురుగానే రెండు చేతులతో నీళ్ళ బిందె మోశావు కదే."

రుకియా చెయ్యి వెనక్కి లాక్కుంది.

జలిహాతాను పిలిపించారు. ఫరహాతి అరవలేదు. "ఒక ఫీజు మీద రెండు బుర్రలు నింపుకున్నావు. ఆ రెండోదాని బాకీ కట్టు, లేదా ఇద్దర్నీ తీసుకుపో. నేనూ అద్దె కట్టుకోవాలమ్మా, ఇది సర్కారు బడి కాదు."

"సర్కారు బడి ఉంటే మీ గడప ఎందుకు తొక్కుతాను?" అంది జలిహాతా.

ఫరహాతి మేష్టారి వైపు తిరిగింది. "మీకు తెలుసా ఇది?"

జాన్ఫర్ నేల చూశాడు. "తెలీదు మేడమ్. ఇద్దరూ ఒకేలా ఉన్నారు."

రుకియా ఆయన మొహంలోకి చూసింది. జలిహాతా నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. చెప్తే ఆయన కొలువూ పోతుంది, పూలచెట్ల కింద తన పక్కన వంగి నిలబడే ఆ ఇల్లాలి పొయ్యీ ఆరుతుంది. తన పిల్లలకు ఒరిగేదేమీ లేదు. కూతురి మంచి చెయ్యి పట్టుకుని కొండెక్కింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని దారిలో రుకియా రెండుసార్లు అడిగింది. 

వానలు వెనకబట్టాక మేష్టర్లు సమ్మె విరమించారు. పరీక్షకు వారాలే మిగిలాయి. జాన్ఫర్ స్వయంగా చీపురు పట్టి ఊరి బడి ఊడ్చి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలిచాడు. సితీనా వెళ్ళింది. రుకియా గుమ్మంలోనే కూర్చుంది.

"రా తల్లీ. ఇప్పుడు ఇద్దరికీ చోటుంది. ఫీజు లేదు."

"నేనెవరో మీకు తెలీదు కదా మేష్టారూ," అంది రుకియా.

 జలిహాతా ఆయనకు తాగడానికి నీళ్ళిచ్చింది. తాగి, గిన్నె జాగ్రత్తగా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమె కూతుర్ని తిట్టింది, బతిమాలింది, ఒక దెబ్బ కూడా వేసింది. పిల్ల కదల్లేదు.

ఏడాది పాఠం వారాల్లో ఎక్కేది కాదు. ఆయన చీకటిపడే దాకా చెప్పినా, ఆ ఏడు మ్రీజు బడి నుంచి ఒక్కరూ గట్టెక్కలేదు. సితీనా కొద్దిలో తప్పింది. దిగువ బడి పిల్లలు మాత్రం మెళ్ళో మల్లెదండలతో బజారంతా ఊరేగారు. అది చూసొచ్చిన సితీనా అన్నం ముట్టలేదు. మళ్ళీ అదే తరగతిలో కూర్చుంటానంది. మళ్ళీ సమ్మె వస్తే ఏం చేస్తావని తల్లి అడగలేదు.

రుకియా తల్లి వెంట తోటకు రావడం మొదలుపెట్టింది. మంచు ఆరకముందే, కొమ్మ వంచి, పండిన పువ్వును మాత్రమే తుంచుతూ నెల తిరక్కుండానే తల్లిని దాటిపోయింది. మేస్త్రీ బుట్ట ఎత్తి చూసి మెచ్చుకున్నాడు.

"నీ కూతురిది మంచి చెయ్యమ్మా."

జలిహాతా అవునంది. అటు తిరిగి, ఇంకో కొమ్మ వంచుకుంది.