నాలుగూ పది

ఆ ఆఫీసు పనంతా దూరపు ఊళ్ళో, ఎవరూ ఉండని గదిలో ఉన్న సర్వరు మీద నడుస్తుంది. నెలకోసారైనా అది బిగుసుకుపోతుంది. అప్పుడు ఆఫీసులో పొద్దు కూడా ఆగిపోతుంది. కిటికీలోంచి పడ్డ ఎండ జరగదు, కప్పులో టీ చల్లారదు. అందరికీ పండగే. కునుకు తీసేవాళ్ళు తీస్తారు, ఊసులాడేవాళ్ళు ఆడుకుంటారు. సర్వరుని చూసుకునే ఆవిడకి మాత్రం ఆ భాగ్యం లేదు. అందరూ సర్వరమ్మ అని పిలిచే ఆవిడ సంచీ తగిలించుకుని, రెండు బస్సులు మారి వెళ్ళి, స్విచ్చి ఆపి మళ్ళీ వేసి రావాలి. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో అక్క ఈవిడ పెళ్ళి ఊసెత్తినా, బస్సు టైము చెప్పేది.

రికార్డుల గుమాస్తా ఆ ఆగిన పొద్దులోనే ఆవిడకి మనసులో మాట చెబుదామనుకునేవాడు. తీరా చూస్తే కుర్చీ ఖాళీ. చెప్పకముందే బదిలీ ఆర్డరు వచ్చిపడింది. ఇవాళ ఐదింటికి రిలీవు, రేపట్నించి వేరే ఊరు.

ఈలోగా సర్వరమ్మ ఒక కాపలా ప్రోగ్రాం రాసి తన కంప్యూటర్లో పెట్టింది. అది సర్వరుని పలకరిస్తూ ఉంటుంది. మూడు నిమిషాలు బదులు లేకపోతే అక్కడి కరెంటు తీసి మళ్ళీ ఇస్తుంది.

నాలుగూ పదికి సర్వరు బిగుసుకుంది. సర్వరమ్మ దర్జాగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఎంతకీ మూడు నిమిషాలు కావే! నాలుక్కరుచుకుంది. గోడ గడియారంతో పాటు తన కంప్యూటర్లో గడియారమూ ఆగింది మరి. ఆ ప్రోగ్రాం గేటు బయట కాపలా గది కంప్యూటర్లో పెట్టాల్సింది, అక్కడైతే టైము నడుస్తుంది. ఇంత చదువూ ఏ గంగలో కలిసిందో అనుకుంటూ సంచీ అందుకుంది.

"కాసేపు కూర్చోండి," అన్నాడు గుమాస్తా. "మీరు దాన్ని లేపితే ఐదవుతుంది. ఐదైతే నేను వెళ్ళిపోవాలి."

ఆవిడ సంచీ దించింది. అతను పదకొండేళ్ళ మాటలు ముందువి వెనకా, వెనకవి ముందూ చెప్పుకొచ్చాడు. ఎండలో దుమ్ము రేణువులు కదలకుండా నిలబడి ఉన్నాయి. పక్క బల్ల మీద టైపిస్టు నిద్రలో నవ్వింది. సర్వరమ్మకి ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. ఎంతసేపు కూర్చున్నారో ఎవరికీ తెలీదు.

తర్వాత ఆవిడ లేచి ఆ ప్రోగ్రాం కాపలా గదిలో పెట్టింది. మూడు నిమిషాలకి సర్వరు దానంతట అదే లేచింది. ఎండ కదిలింది. ఐదు కాకముందే ఆఫీసరు బల్ల మీదకి ఒక బదిలీ దరఖాస్తు చేరింది, గుమాస్తా వెళ్ళే ఊరికే.

"నువ్వూ పోతే సర్వరుని ఎవరు లేపుతారమ్మా?" అన్నాడాయన కళ్ళు నులుముకుంటూ.

"ఎవరూ లేపక్కర్లేదండీ. అదే లేస్తుంది," అంది సర్వరమ్మ. "నన్ను పోనివ్వండి."