కుర్చీ ఖాళీగా ఉన్నప్పటి సున్నా

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో చెంచా కూడా దొరకదు" అన్నాడు భర్త, పొద్దున్న టిఫిన్ డబ్బా అందుకుంటూ. పొగడ్తే. పదహారేళ్లుగా ఆ మాటకి ఆమె మురిసిపోతూనే ఉంది, పిచ్చిది. అందుకే రెండు వారాల శిక్షణకి వెళ్లిరమ్మని తను పనిచేసే ల్యాబ్‌లో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. అది పూర్తిచేస్తేనే డిటెక్టర్ల సర్టిఫికెట్ మీద ఆమె సంతకం చెల్లుతుంది. ఇన్నాళ్లూ పరీక్ష ఆమెది, సంతకం పెద్దసారుది. ఇది మూడోసారి, ఇదే ఆఖరుసారి. సాయంత్రం ఐదింటిలోగా చెప్పమన్నారు. మొన్న ఇంట్లో కదిపి చూస్తే అత్తగారు నవ్వుతూనే అంది, "వెళ్లిరామ్మా, మేం పస్తులుంటాంలే." ఆ నవ్వు దగ్గరే ఆమె ఆగిపోతుంది.

ల్యాబ్‌లో ఒక మూలన ఆమె బల్ల. ఒక చివర, వేడి ఎంతో కచ్చితంగా తెలిసిన నల్లటి పలక. ఎదురుగా, కంటికి కనపడని ఆ వేడిని పట్టే చిన్న డిటెక్టర్. అది నిజం చెబుతోందో లేదో చూసి, తప్పితే సరిదిద్దడం ఆమె పని. పిల్లకి జ్వరమని రెండు రోజులు సెలవు పెట్టి ఇవాళ వచ్చేసరికి పెద్దసారు తల పట్టుకుని కూర్చున్నాడు.

"మీరు లేని రెండు రోజులూ కుర్చీ ఖాళీగానే ఉంచి దూరం నుంచి చదివితే డిటెక్టర్లన్నీ తక్కువే చూపించాయమ్మా. బల్లకి కూడా మీ మీద బెంగ."

మురిసిపోబోయి ఆగింది. యంత్రాలకి బెంగ ఉండదని ఆమెకి తెలుసు. లేచి తలుపు దాకా నడిచింది, అంకె దిగింది. వచ్చి కూర్చుంది, ఎక్కింది. ఓరి నాయనో! పదకొండేళ్ల కిందట ఈ కుర్చీలో కూర్చునే బల్లకి సున్నా, అంటే కొలత మొదలయ్యే చోటు, పెట్టింది తనే. తన ఒంటి వెచ్చదనాన్ని కూడా ఆ సున్నాలోనే కలిపేసింది. అప్పట్నుంచీ ఆమె ఉంటే అంతా సవ్యం, లేకపోతే తప్పు. ఆమె మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

ఇంట్లో మాత్రం? పెళ్లైన కొత్తలో, ఎవరూ అడక్కుండానే, ప్రేమకొద్దీ ప్రతి పనిలోనూ తనని కలిపేసి అదే సున్నా అనుకోమంది. అనుకున్నారు, పాపం. ఎవరి మీదా కోపం రాలేదు. ఆ కొత్త పెళ్లికూతురి మీద జాలేసి కళ్లు చెమర్చాయి.

కుర్చీ బయట పెట్టించింది. అంకెలు గంటసేపు అటూ ఇటూ ఊగాయి. పెద్దసారు కంగారు పడుతుంటే "సర్దుకుంటుంది సార్, కాస్త ఆగండి" అంది. సర్దుకుంది. కొత్త సున్నా పెట్టి, ఇకమీదట ఎవరైనా సరే ఒంటి వేడిని ఆపే తెర వెనక నుంచే చదవాలని పుస్తకంలో రాసింది. ఆ పెన్ను మూయకుండానే "శిక్షణకి వెళ్తాను సార్" అనేసింది.

తర్వాత భర్తకి ఫోన్ చేసింది.

"సోమవారం నుంచి రెండు వారాలు శిక్షణకి వెళ్తున్నానండీ."

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

గొంతులో కోపం కాదు, బెదురు. ఎంత ముద్దొచ్చాడో! 'అడుగుతున్నా' అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది.

"చెబుతున్నానండీ" అంది మెల్లగా.