రెండు సెంటీమీటర్లు తక్కువ

మంగళవారం ఎల్లన్న వచ్చేలోపు చేయాల్సినవి: వైద్యం చేసే యంత్రం తల స్పిరిట్‌తో తుడవడం. జెల్ సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టడం. టేపు, పాత కొలతల కాగితాలు దగ్గర ఉంచుకోవడం. అతను రాగానే పిక్క కొలిచి, డాక్టరమ్మకు చూపించాకే వైద్యం మొదలుపెట్టడం.

గల్ఫ్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే హసీనా ఇందులో ఏదీ తప్పేది కాదు. కడప జిల్లాలోని వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. తను వేసిన అంకెను నమ్మి పెద్ద డాక్టర్లు సంతకం పెడతారని ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకునేది.

ఎల్లన్న పనిచేసే అల్ ఖర్జ్ పాల ఫారంలో ఇనుప గేటు అతని పిక్కను నలిపేసింది. తెగిన రక్తనాళాన్ని కుట్టారు గానీ వాపు, వేడి తగ్గలేదు. అవి తగ్గకపోతే కుట్టినచోట నాళం పూడుకుపోవచ్చన్నారు. అందుకే ఇంకా పరీక్షల్లోనే ఉన్న షాక్ వేవ్ వైద్యానికి అతను ఒప్పుకున్నాడు. చర్మం మీద నుంచే టకటకమని తరంగాలు లోపలికి పంపుతారు. వారానికోసారి, ఆరు వారాలు. ఇది మూడోది.

టేపు మొదటి వారం కన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ చూపింది. డాక్టరమ్మ ముఖం విప్పారింది. ఇక చాలు, పనికి ఫిట్ అని రాసేద్దామంటూ కాగితం కోసం వెళ్లింది.

టేపు తీస్తుంటే హసీనా చెయ్యి పిక్కకు తగిలింది. మంచుగడ్డలా ఉంది.

"ఏం పెట్టినావన్నా దీనికి?"

"ఏం పెడ్త చెల్లె? ఏసీ బస్సుల వచ్చిన."

"ఏసీ ఒక్క కాలికే తగిలిందా? రెండోది వెచ్చగానే ఉండాదే!"

ఎల్లన్న తలొంచుకుని తువ్వాలు మూట విప్పాడు. గడ్డకట్టిన లబన్ సీసాలు రెండు.

"తాగే మజ్జిగను కాలికి తాపినావా?"

"దానికి గూడ దూపైతది గద చెల్లె." నవ్వబోయి ఆగిపోయాడు. "పోయిన వారం గూడ గిట్లనే కట్టుకొచ్చిన. ఫిట్ కాయితం తేకుంటే ఎగ్జిట్ కొట్టి ఊరికి తోల్తనన్నడు నన్ను పనికి పెట్టుకున్న కఫీల్. ఈ సంగతి నువ్వు రాయకు, నీ కాల్మొక్త."

"పోయి పన్నెండు గంటలు నిలబడితే నాళం మూసుకుపోతాదన్నా. కాలు తీసేస్తారు."

"పని లేనోనికి కాలెందుకు?"

హసీనా కలం తీసి ఆ వారం అంకె, పోయిన వారం అంకె రెండూ కొట్టేసి, చల్లదనం వల్ల తప్పు కొలత అని రాసి, కింద సంతకం చేసింది. గంట కూర్చోబెట్టి మళ్లీ కొలిస్తే వాపు అలాగే ఉంది. డాక్టరమ్మ ఫిట్ కాగితం చించేసి, వైద్యం అయ్యేదాకా ఆగమని కఫీల్‌కు ఉత్తరం రాసింది. ఎల్లన్నకు కూర్చునే పనేదైనా ఇవ్వమని హసీనా కఫీల్ గుమస్తాకు మూడుసార్లు ఫోన్ చేసింది. లేదన్నాడు.

ఎల్లన్న రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఆరో వారానికి వాపు తగ్గి, రెండు పిక్కలూ ఒకే వెచ్చదనానికి వచ్చాయి. ఆ తర్వాతి సోమవారమే, ఇన్ని వారాలు పనికి రాలేదని కఫీల్ ఎగ్జిట్ కొట్టాడు.

విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు. "నడ్సుకుంటనే పోతున్న చెల్లె. నీ మీద కోపమైతే ఇంక గింత ఉన్నది."

"ఉండనీలే అన్నా," అంది హసీనా.

మీ ఊళ్లో ఎవరైనా గల్ఫ్ నుంచి గడువుకు ముందే తిరిగొస్తే, ఎందుకొచ్చావని అడగబోయే ముందు ఈ ఎల్లన్నను ఒక్కసారి తలుచుకోండి.