సగం సగం నీళ్లు

మే నెలంతా కార్లా నీమీకి రోజూ ఒకటే పని. మధ్యాహ్నం స్కూలు బస్సుని డిపోలో పెట్టి, కొండెక్కి రస్ హాల్వర్సన్ ఇంటికి వెళ్లేది. కోటైనా విప్పకుండా చేపల తొట్టి ముందు కూర్చుని లెక్కపెట్టేది. ఇరవై రెండు ఎర్రచారల టెట్రాలు, అడుగున పొర్లే మీసాల కోరీలు ఆరు. ఇవి ఆమెవి. వాటికంటే పెద్ద చేపలు, సిక్లిడ్లు పదకొండు. అవి రస్‌వి. లెక్క సరిపోతే వంటింట్లోకి వెళ్లేది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టేది.

"అవేమన్నా నీ బస్సులో పిల్లలా, అందరూ దిగారో లేదో చూసుకోడానికి?" అనేవాడు రస్.

"నా బస్సులో ఒకరినొకరు మింగరు."

"నావీ మింగవు. ఊరికే తరుముతాయంతే."

"రోజంతా ఎవరైనా తరుముతుంటే నువ్వు అన్నం తింటావా?"

కార్లాకి యాభై ఆరు. రస్‌కి అరవై రెండు. ఇనుప ఖనిజాన్ని ఓడలకెత్తే రేవులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ పరిచయం వాళ్లుండే డులూత్ ఊరి చేపల క్లబ్బులో. నెలకోసారి చర్చి కింది హాల్లో, సభ్యులు తమ ఇళ్లలో పెరిగిన చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పేరు రాసిన టేపు అంటించి వేలం వేసుకుంటారు. ఒకే సంచికి ఇద్దరూ చెయ్యెత్తారు. ఆ సంచి ఎవరికి పోయిందో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. రెండు చలికాలాలు గడిచాక, ఇక ఒకే ఇంట్లో ఉందామనుకున్నారు.

ఆ సంగతి తేల్చుకోడానికి పది నిమిషాలు పట్టింది. చేపల సంగతి తేలడానికి వసంతమంతా చాల్లేదు. రస్‌ది వందేళ్ల నాటి ఇల్లు. ముందుగది నేల ఒక పెద్ద తొట్టి బరువు మొయ్యగలదు, రెండోది పెడితే కింది గదిలోకి దిగిపోతుందని వడ్రంగి చెప్పేశాడు. అంటే ఇద్దరి చేపలూ ఒకే తొట్టిలో సర్దుకోవాలి. ఏ చేపలు ఉండాలో ఫ్రిజ్ తలుపు మీద జాబితా అంటించారు. ఆయన రాసేవాడు, ఈమె కొట్టేసేది.

"ఆ నీలం మగ సిక్లిడ్‌ని క్లబ్బులో ఎవరికైనా ఇచ్చెయ్."

"దానికి తొమ్మిదేళ్లు. నాతో పాటే ముసలిదైంది."

"అందుకే దానికంత కోపం."

"అయితే నీ టెట్రాల్ని సగం చెయ్."

"గుంపు తగ్గితే భయంతోనే చస్తాయి. ఆ మాత్రం తెలీదూ?"

చేపల కంటే నీళ్లతో పెద్ద చిక్కొచ్చింది. డులూత్ కుళాయిల్లో వచ్చేది సుపీరియర్ సరస్సు నీరు, సున్నం తక్కువ. కార్లా చేపలకి అదే కావాలి. రస్ సిక్లిడ్లు ఆఫ్రికా సరస్సు జాతివి, సున్నం దండిగా ఉండాలి. అందుకని ఆయన ఫిల్టర్‌లో పగడపు ముక్కల సంచి పెట్టుకునేవాడు. చివరికి ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఒప్పందానికొచ్చారు. రస్ సంచిలోంచి సగం పగడాలు తీసేశాడు. కార్లా తన చేపల్ని తెచ్చి అందులో వదిలింది. తన పాత తొట్టిని ఆ వారమే క్లబ్బులో అమ్మేసింది. ఏ జంటకైనా తట్టే తెలివే అది. చేపలు పెంచేవాళ్లకి మాత్రం తట్టకూడదు.

మూడు వారాల్లో టెట్రాల ఎరుపు వెలిసిపోయింది. సిక్లిడ్లు రెక్కలు ముడుచుకుని రాళ్ల వెనక నిలబడ్డాయి. తరమడం కూడా మానేశాయి. రస్ దాన్ని శాంతి అన్నాడు. కార్లా చేపల మందు సీసాల కోసం బెవ్ దుకాణానికి పరిగెత్తింది.

బెవ్ క్లబ్బు ప్రెసిడెంటు. మొహమాటపడి ఎవర్నీ వదిలే మనిషి కాదు. "ఎవరిచ్చారే మీకీ సలహా?" అంది.

"ఇద్దరికీ న్యాయంగా ఉంటుందని..."

"న్యాయం కావాలంటే కోర్టుకెళ్లండి. సగం సగం నీళ్లలో నీవీ బతకవు, ఆయనవీ బతకవు. కొట్టుకోకుండా చస్తాయంతే."

"పాపం, నా కోసం సగం తీశాడు బెవ్."

"మరి నువ్వేం తీశావ్?"

"తొట్టి అమ్మేశాను. శనివారం పదింటికి ఇల్లు కూడా వదిలేస్తున్నట్టు సంతకం పెట్టాలి."

బెవ్ చేతిలోని మందు సీసాని తిరిగి అలమారులో పెట్టేసింది. "దీనికి ఇది పనిచెయ్యదమ్మా," అంది.

ఆ ఇల్లంటే కొండ కింద, సరస్సుకి ఎదురుగా మేడ మీద రెండు అద్దె గదులు. విడాకుల తర్వాత అందులో పద్నాలుగేళ్లు ఉంది. ఓసారి వదిలితే అలాంటిది మళ్లీ దొరకదు. వదలాలనుందో లేదో ఆమెకే తెలియలేదు. శుక్రవారం బస్సు నడుపుతూ ఒక స్టాపు దాటిపోయింది. వెనక పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

శనివారం పొద్దున కార్లా రస్ ఇంట్లో లేచేసరికి తూర్పుగాలి తిరిగింది. కిటికీ బయట ఏమీ కనబడనంత పొగమంచు. రస్ సీలింగ్ ఫ్యాను కట్టేశాడు. పిల్లిని స్నానాలగదిలో పెట్టి తలుపేశాడు. పొగమంచు దిగిన రోజున చేపలు తొట్టి దాటి గదిలోకి వస్తాయి. ఊళ్లో అందరిళ్లలోనూ అంతే. కాసేపు గాల్లో అటూ ఇటూ ఈది, మంచు విడిపోయేలోపు తొట్టిలోకి వెళ్లిపోతాయి. విడిపోయిందంటే గాలి వాటిని మొయ్యదు. ఏ చేపా గడప దాటదు.

సిక్లిడ్లు వచ్చి దీపం చుట్టూ తిరుగుతున్నాయి. టెట్రాలు వాటి వంక చూడలేదు. ఇరవై రెండూ వరసగా వచ్చి వీధి తలుపు ముందు నిలబడ్డాయి. కోరీలు వాటి కింద, చాప మీద మీసాలు ఆడిస్తున్నాయి. రస్ అలవాటు కొద్దీ పేపరు కోసం తలుపు తీశాడు.

"రస్! తలుపు!"

అప్పటికే ఆఖరిది గడప దాటింది.

కార్లా ఇంటి చెప్పులతోనే పరిగెత్తింది. చేపలు ఎర్రటి దారంలా కొండ దిగుతున్నాయి. కూడలిలో సిటీ బస్సు ఆగి వాటికి దారిచ్చింది. డ్రైవరు అద్దం దించి, "ఎక్కడికి కార్లా?" అన్నాడు.

"అవెక్కడికెళ్తే అక్కడికి!"

"పదింటికల్లా మంచు విడిపోతుందని రేడియోలో చెప్పాడు. త్వరగా కానీ!"

ఆరు వీధులు. ఆయాసపడుతూ తన మేడ మెట్లెక్కేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంటావిడ మిసెస్ టోలెఫ్సన్ సంతకం కాగితం పట్టుకుని నిలబడింది. పక్కన ఇల్లు చూడ్డానికొచ్చిన ఒక నర్సమ్మాయి. ఇద్దరూ కిటికీ వైపు చూస్తున్నారు. పాత తొట్టి ఉన్న చోట, తివాచీ మీద దాని నాలుగు కాళ్ల గుంటల పైన, చేపలు గాల్లో నిలిచి ఉన్నాయి. టెట్రాలు మధ్యలో, కోరీలు అడుగున, ఎక్కడ ఉండేవి అక్కడే. ఒక్కటీ ఆ నాలుగు మూలలూ దాటడం లేదు.

"ఇల్లు ఖాళీ అన్నారుగా?" అంది నర్సమ్మాయి నొచ్చుకుంటూ.

"నేనూ అదే అడుగుతున్నాను. ఏమ్మా కార్లా, ఖాళీ చేస్తున్నావా, లేదా?"

"లేదు," అంది కార్లా. అన్నాక తనే ఆశ్చర్యపోయింది.

కిటికీలో సరస్సు మసక మసకగా కనబడసాగింది. అద్దం పక్కనున్న టెట్రా ఒకటి బెత్తెడు కిందికి జారింది. కార్లా స్నానాల టబ్బు కుళాయిలు రెండూ తిప్పింది. చేతికి గోరువెచ్చగా తగిలేలా కలిపింది. క్లోరిన్ విరిచే మందు లేకుండా ఆ నీళ్లలో వేస్తే చేపలు బతకవు. ఆ సీసా కొండ మీద రస్ ఇంట్లో ఉంది.

మెట్ల మీద దబదబ అడుగుల చప్పుడు. రస్ ఒక చేతిలో వల, ఇంకో చేతిలో సీసా. మాట్లాడే ఊపిరి కూడా లేదు. మూత పళ్లతో తీసి టబ్బులో వంచాడు. నర్సమ్మాయి అడగకుండానే కేకు పళ్లెం అందుకుంది. మిసెస్ టోలెఫ్సన్ కాగితాన్నే దోసిలిలా మడిచి కోరీల్ని మోసింది. ఇరవై రెండోది నీళ్లలో పడేసరికి గదిలోకి ఎండొచ్చింది.

ఇంటావిడ తడిసిన కాగితాన్ని ఉండచుట్టి, అమ్మాయిని తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

"అయితే రావన్నమాట," అన్నాడు రస్.

"రాను."

"ఆ నీలందాన్ని ఇచ్చేస్తాను. ఇవాళే ఇచ్చేస్తాను."

"ఇవ్వకు. తీసేసిన పగడాలు కూడా మళ్లీ వేసెయ్. పాపం, అవి మాత్రం ఏం చేశాయి?"

"మరి మన సంగతి?"

"నా గదికి పద్దెనిమిది మెట్లే రస్. ఇప్పుడేగా పరిగెత్తుకుంటూ ఎక్కావు."

రస్ టబ్బులోకి చూశాడు. టెట్రాలు ఒక మూల గుంపుగా చేరి మెల్లగా కదులుతున్నాయి. తర్వాత కిందికి చూసుకున్నాడు. తొందరలో బురద బూట్లతోనే వచ్చేశాడు. గుమ్మం నుంచి ఇక్కడిదాకా అడుగుల మరకలు. టబ్బు అంచు మీద కూర్చుని, వంగి, ఒక్కొక్క లేసూ విప్పుకోవడం మొదలుపెట్టాడు.