కుందేలు వెనకాల నేల

తౌనో మాస్టారి దగ్గర అవతలిది కనిపించే ఒక పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంది. దాని మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు నల్లగీతలు. లోవిసా ఊరి ఫొటో సంఘంలో ఏ బొమ్మ గోడకెక్కాలన్నా ముందు ఆ కాగితం కింద పడుకోవాల్సిందే. జంతువు గీత మీదికి వస్తే సరే సరి, రాకపోతే మాస్టారు కత్తి తీసి అంచులు కోసేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే తంతు. ఒక్కరూ నోరెత్తలేదు. సగంమందికి బళ్లో లెక్కలు చెప్పింది ఆయనే మరి.

సైమీకీ ఆయనే చెప్పాడు. ఇప్పుడామె ఉత్తరాలు పంచే బండి నడుపుతోంది. ఆ డిసెంబరులో మంచు పడనే లేదు. చలికాలమని తెల్లబొచ్చు తొడుక్కున్న కుందేలొకటి, దున్నిన పొలంలో దాక్కునే దిక్కులేక పరిగెడుతుంటే బండి ఆపి ఫొటో తీసింది. బొమ్మ నిండా మట్టే. కుడివైపు చివరాఖర్న కుందేలు, ఇంకో గంతేస్తే బొమ్మలోంచే వెళ్లిపోయేలా ఉంది. గ్రంథాలయంలో సంఘం ఏటా పెట్టే ప్రదర్శనలో మూడేళ్లుగా సైమీ బొమ్మ ఒక్కటీ పెట్టలేదు. ఇది పెట్టాలి, ఇలాగే పెట్టాలి. అంతకన్నా ఆమెకేమీ అక్కర్లేదు.

“చోటుండాల్సింది జంతువు ముందు. ఈ మట్టంతా ఎవడిక్కావాలి?” అన్నాడు మాస్టారు.

“దాక్కోడానికి చోటు లేదనేగా తీసింది. మట్టే ముఖ్యం మాస్టారూ.”

“ఏడో తరగతిలోనూ ఇంతే. లెక్కంతా అడ్డదిడ్డంగా చేసి వాదనకి దిగేదానివి.”

“జవాబు మాత్రం సరిగ్గానే వచ్చేదిగా.”

చుట్టూ ఉన్న సంఘం వాళ్లంతా నవ్వారు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషాయన. సైమీ కాఫీ పోసుకుని వచ్చేలోగా కత్తి దిగిపోయింది. ముప్పాతిక బొమ్మ చెత్తబుట్టలో పడింది. మిగిలిన ముక్కలో కుందేలు గీత మీద బుద్ధిగా కూర్చుంది, పుట్టినరోజు కార్డు మీద బొమ్మలా.

“చూడు, ఎంత ముద్దొస్తోందో,” అన్నాడు. పాపం, ప్రేమగానే అన్నాడు.

సైమీకి ఒళ్లు మండిపోయింది. తెల్లారితే ప్రదర్శన, మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు. బుట్టలోంచి మట్టి ఉన్న బొమ్మముక్క తీసి తుడిచింది. గ్రంథాలయానికి పోయి, రెండు ముక్కల్నీ పక్కపక్కనే, మధ్యలో వేలెడు సందు వదిలి గోడకు కొట్టేసింది.

వెనకాలే వచ్చిన మాస్టారు మొహం మాడ్చుకున్నాడు. “కోత కనిపిస్తోందే. సంఘం పరువు తీస్తావా?”

“కోసింది నేను కాదుగా. అంత కష్టంగా ఉంటే మీ చేత్తోనే తీసెయ్యండి.”

ఆయన తీయలేదు.

మర్నాడు జనం గద్దల్నీ దుప్పుల్నీ చూస్తూ చకచకా నడిచి, అక్కడికొచ్చేసరికి ఆగారు. ఎన్సియో అనే ముసలి వేటగాడు ముందు మట్టిముక్క చూసి, “ఇందులో ఏం లేదే” అన్నాడు. తర్వాత కుందేలు కనబడింది. టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.

“పోయినేడు ఇలాంటిదే నా తుపాకీ ముందుకొచ్చింది మాస్టారూ,” అన్నాడు. “నల్లటి నేల మీద తెల్లగా. గుడ్డివాడైనా కొడతాడు. సిగ్గేసి తుపాకీ దించేశా.”

మాస్టారు ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, బొమ్మనంతా మెల్లగా చూశాడు. అప్పుడు సైమీ దగ్గరికొచ్చాడు.

“మొత్తం బొమ్మ నేను మళ్లీ వేయిస్తానే అమ్మాయ్. రేపటికల్లా.”

“వద్దు మాస్టారూ. ఇలాగే ఉండనివ్వండి.”

“అయితే కలమివ్వు,” అన్నాడాయన. సైమీ పేరున్న చీటీ కింద, నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాశాడు: నేల కోసేసింది తౌనో.